లండన్‌లో తక్కువ ఖర్చుతో వారం: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

లండన్ ఖరీదైన ఊరే. కానీ ఆ ఖరీదంతా గది అద్దెలో, రవాణాలో, హోటల్ భోజనంలో ఉంది. చూడదగ్గ వాటిలో ఎక్కువ భాగానికి పైసా కట్టక్కర్లేదు. జాతీయ మ్యూజియాలకు 2001 నుంచి ప్రవేశ రుసుము లేదు. పార్కులు, వంతెనలు, థేమ్స్ ఒడ్డు ఎలాగూ ఉచితమే. అయితే ఉచితమైన ప్రతిదానికీ ఒక వేళ ఉంటుంది: టికెట్లు ఏ రోజు వదులుతారు, తలుపు ఎన్నింటికి తీస్తారు, ఏ గేటు దగ్గర క్యూ తక్కువ అన్నవి ముందే తెలియాలి. తెలియకుండా వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం పూట ఏం చేయాలో తోచక, ఎదురుగా కనిపించిన ముప్ఫై పౌండ్ల టికెట్ కొనేస్తారు.

ఇక్కడ ఇచ్చిన ధరలు 2025 నాటివి. రవాణా ఛార్జీలు సాధారణంగా ఏటా మార్చిలో మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. 2025లో పౌండుకు 115 రూపాయలని లెక్క వేసుకుంటే సరిపోయేది, ఇప్పటి రేటు కూడా చూసుకోండి.

బయల్దేరే ముందు: కార్డు

రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం మన కార్డుల్లో విదేశీ లావాదేవీలను, కాంటాక్ట్‌లెస్‌ను మనమే ఆన్ చేసుకోవాలి. ఈ రెండు మీటలూ బ్యాంకు యాప్‌లో వేర్వేరుగా ఉంటాయి. మొదటిది ఆన్ చేసి రెండోది మరిచిపోతే షాపులో పిన్ కొట్టి గట్టెక్కుతారు గానీ, ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్ గేటు మాత్రం తెరుచుకోదు, ఎందుకంటే అక్కడ పిన్ కొట్టే వీలే లేదు. ఆన్‌లైన్ బుకింగ్‌లకు ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి ఆ నంబరుకు రోమింగ్‌లో మెసేజ్‌లు అందేలా చూసుకోండి.

చాలా బ్యాంకులు మామూలు కార్డుతో విదేశాల్లో చేసే ఖర్చు మీద అదనపు రుసుము వేస్తాయి. అది మీ కార్డుకు ఎంతో చూసి, ఎక్కువనిపిస్తే పౌండ్లు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోండి. అక్కడ కార్డు మిషన్ గానీ ఏటీఎం గానీ "రూపాయల్లోనా, పౌండ్లలోనా" అని అడిగితే ఎప్పుడూ పౌండ్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకపు రేటు ఆ మిషన్ వాడిది అవుతుంది, మీకు నష్టం. నోట్లు పెద్దగా అవసరం పడవు. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడమే లేదు.

గది: ఇక్కడ మరీ పిసినారితనం వద్దు

మొత్తం ఖర్చులో పెద్ద వాటా గదిదే. అందుకని జనం చేసే మొదటి పని, ఊరి చివర చవగ్గా దొరికినదాన్ని బుక్ చేయడం. లెక్క వేస్తే అది చవక కాదు. లండన్ రవాణా జోన్లుగా ఉంటుంది, నడిబొడ్డు 1వ జోన్. 1–2 జోన్ల మధ్య రోజంతా ఎంత తిరిగినా 8.90 పౌండ్లకు మించి కోయరు. అదే 4వ జోన్‌లో ఉండి లోపలికి వస్తే ఆ పరిమితి 12.80, 6వ జోన్ నుంచైతే 16.30. ఇద్దరు మనుషులు, వారం రోజులు అనుకుంటే గదిలో మిగిలిందనుకున్నది రైల్లో పోతుంది. పైగా రోజుకు గంటన్నర, రెండు గంటలు ప్రయాణంలోనే గడుస్తాయి.

2వ జోన్‌లో, లేదా 1–2 జోన్ల సరిహద్దులో చూడండి. ఎర్ల్స్ కోర్ట్‌కు హీత్రూ నుంచి పికడిల్లీ లైన్‌లో రైలు మారకుండా రావచ్చు. హామర్‌స్మిత్ కూడా అదే దారిలో ఉంది. తూర్పు వైపు స్ట్రాట్‌ఫర్డ్ 2, 3 జోన్ల సరిహద్దు, అక్కడ సెంట్రల్, జూబిలీ, ఎలిజబెత్ లైన్లు కలుస్తాయి. వేసవి సెలవుల్లో విశ్వవిద్యాలయాల హాస్టల్ గదులను ప్రయాణికులకు అద్దెకిస్తారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ) హాస్టళ్ళు ఇందుకు పేరున్నవి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు, వంటగది కావాలనుకునేవాళ్ళకు యూత్ హాస్టళ్ళు నయం. ఇంకో కిటుకు: ఆఫీసులుండే సిటీ, డాక్‌లాండ్స్ ప్రాంతాల హోటళ్ళకు వారం మధ్యలో గిరాకీ, శని ఆదివారాల్లో తగ్గుదల. మామూలు పర్యాటక ప్రాంతాల్లో దీనికి తలకిందులు. కాబట్టి వారాన్ని రెండు హోటళ్ళకు పంచుకుంటే కొంత మిగులుతుంది, సామాను మోసే ఓపిక ఉంటే.

జనవరి, ఫిబ్రవరిల్లో గదులు చవక. కానీ డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. జూన్‌లో తొమ్మిది దాటాకా వెలుతురే. నడిచి చూసే ఊరు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. డిసెంబరు 25న మాత్రం ట్యూబూ ఉండదు, బస్సూ ఉండదు. ఆ రోజు విమానం దిగేలా టికెట్ తీసుకుంటే చవగ్గా దొరికిన టికెట్ సొమ్ము టాక్సీకే పోతుంది.

హీత్రూ నుంచి ఊళ్ళోకి

హీత్రూ ఎక్స్‌ప్రెస్ అప్పటికప్పుడు కొంటే 25 పౌండ్లు. పావుగంటలో పాడింగ్టన్‌లో దింపుతుంది, అక్కడి నుంచి మళ్ళీ ఇంకో రైలు మీ ఖర్చే. ఎలిజబెత్ లైన్ 13.90, అరగంట పైచిలుకు. పికడిల్లీ లైన్ 5.80, గంటకు కాస్త అటూ ఇటూ. ముగ్గురు నలుగురు కుటుంబంగా వెళ్తుంటే ఈ తేడాతోనే ఒక రోజు భోజనాలు గడిచిపోతాయి. అర్ధరాత్రి దాటాక దిగితే ఎన్9 నంబరు రాత్రి బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా ఆల్డ్‌విచ్ దాకా వెళ్తుంది. నెమ్మదైన ప్రయాణమే, కానీ ఛార్జీ మామూలు బస్సు ఛార్జీ 1.75 పౌండ్లే.

ఊళ్ళో తిరగడం

కాగితం టికెట్ ఎప్పుడూ కొనకండి. కాంటాక్ట్‌లెస్ కార్డుతో 1వ జోన్‌లో 2.80–2.90 పౌండ్లయ్యే ట్యూబ్ ప్రయాణానికి కాగితం టికెట్ అయితే రెట్టింపు పైనే. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళడం కుదరదు. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు సార్లూ కార్డు తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. దిగేటప్పుడు గేటు లేని స్టేషన్లు కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా డీఎల్ఆర్ అనే తేలికపాటి రైలు మార్గం మీద. అక్కడ స్తంభానికి ఉండే పసుపు రీడర్‌ను గమనించకుండా బయటికి నడిచేస్తే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. అలాగే పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డును ఎక్కించుకున్న ఫోను వాడితే వ్యవస్థ దృష్టిలో అవి రెండు వేర్వేరు కార్డులు. రోజువారీ పరిమితి రెండింటికీ విడివిడిగా మొదలవుతుంది.

పొదుపంతా బస్సులో ఉంది. 1.75 పెట్టి ఎక్కితే, మొదటిసారి కార్డు తాకించిన క్షణం నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ కోత ఉండదు. 58వ నిమిషంలో మూడో బస్సు ఎక్కినా సరే. రోజంతా బస్సులే ఎక్కితే 5.25 దగ్గర ఆగిపోతుంది. నలభై పౌండ్ల దాకా పిండే పర్యాటక బస్సుల కంటే మామూలు ఎర్ర బస్సు పై అంతస్తు ముందు సీటు ఏ విధంగానూ తీసిపోదు. 9వ నంబరు రాయల్ ఆల్బర్ట్ హాల్, హైడ్ పార్క్ మూల, పికడిల్లీ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ చేరుస్తుంది. 15వ నంబరు అక్కడి నుంచి ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ మీదుగా టవర్ ఆఫ్ లండన్ దాకా వెళ్తుంది. 24వ నంబరు హాంప్‌స్టెడ్ హీత్ నుంచి కామ్డెన్, ట్రఫాల్గర్, వెస్ట్‌మినిస్టర్ చూపిస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మాత్రం బస్సులు ట్రాఫిక్‌లో పాకుతాయి. ఆ వేళకు నడవండి, లేదా ట్యూబ్ ఎక్కండి.

వారపు పరిమితి విషయంలో చాలామంది బోల్తా పడతారు. 1–2 జోన్లకు అది 44.70 పౌండ్లు, కానీ సోమవారం నుంచి ఆదివారం దాకానే లెక్క. గురువారం దిగి బుధవారం వెళ్ళిపోయేవాళ్ళకు రెండు వారాలూ సగం సగమే అవుతాయి, రోజూ పరిమితిని తాకితే 62.30 కడతారు. అలాంటివాళ్ళు ఆయిస్టర్ అనే రవాణా కార్డు కొని దాని మీద ఏడు రోజుల ట్రావెల్‌కార్డు (పాస్) వేయించుకుంటే 44.70కే సరిపోతుంది, ఎందుకంటే అది ఏ రోజైనా మొదలవుతుంది. ఆయిస్టర్ కార్డుకు కొన్ని పౌండ్లు తీసుకుంటారు, అవి తిరిగి రావు. అయినా లాభమే. ఇదంతా రోజూ నాలుగైదు సార్లు ట్యూబ్ ఎక్కేవాళ్ళ సంగతి. రోజుకు రెండు ట్యూబ్‌లు, ఒక బస్సుతో గడిపేవాళ్ళకు ఏడు పౌండ్ల పైచిలుకే అవుతుంది. వాళ్ళు కాంటాక్ట్‌లెస్‌తో వెళ్తే చాలు.

పదకొండేళ్ళలోపు పిల్లలకు పెద్దలతో ఉంటే ట్యూబ్, బస్సు ఉచితం. 11–15 ఏళ్ళ వాళ్ళకు ఆయిస్టర్ కార్డు మీద యంగ్ విజిటర్ రాయితీ వేయమని ట్యూబ్ స్టేషన్ సిబ్బందిని అడగండి. 14 రోజుల వరకు సగం ధరే. అడక్కపోతే ఎవరూ వేయరు.

పగటి పూట: వేళ చూసుకుని వెళ్ళాల్సినవి

బ్రిటిష్ మ్యూజియంలో తెలుగువాళ్ళు చూడాల్సిన గది 33ఏ. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ చేరాయి. జనమంతా ముందు గేటు దగ్గర గ్రేట్ రసెల్ స్ట్రీట్‌లో బారులు తీరితే, వెనక మాంటేగ్యూ ప్లేస్ గేటు దగ్గర క్యూ సాధారణంగా తక్కువ. ఆ గేటు నుంచి 33వ గది దగ్గర, దాని చివర అద్దాల వెనక 33ఏ. పల్నాడు సున్నపురాయి త్వరగా పాడవుతుంది కాబట్టి ఆ గదిని చల్లగా, పొడిగా ఉంచుతారు, అప్పుడప్పుడూ మూసేస్తారు కూడా. తెరిచి ఉందో లేదో ఆ పొద్దున వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి. అక్కడ రెండు వైపులా చెక్కిన ఒక పలక ఉంది. ఒక వైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలపు పని అది. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు మొత్తం స్తూపాన్ని తోరణాలతో, స్తంభాలతో చెక్కారు. అమరావతిలో ఇప్పుడు మట్టిదిబ్బగా మిగిలినది ఒకప్పుడు ఎలా ఉండేదో తెలియాలంటే ఈ పలక ముందు నిలబడాలి. తొందరపడకుండా అరగంట కేటాయించండి.

ప్రవేశం ఉచితమే అయినా వెబ్‌సైట్‌లో వేళ బుక్ చేసుకుంటే లోపలికి పోవడం సులువు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది, వాటిని వదిలేసినా చూడాల్సింది మిగిలే ఉంటుంది. శుక్రవారం బ్రిటిష్ మ్యూజియం రాత్రి 8:30 దాకా, నేషనల్ గ్యాలరీ 9 దాకా, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 10 దాకా తెరిచి ఉంటాయి. అందుకని శుక్రవారం పగలంతా ఆరుబయట తిరిగి, మ్యూజియాన్ని సాయంత్రానికి ఉంచుకోవడం తెలివైన పని.

మ్యూజియం నుంచి పది నిమిషాల నడకలో టావిస్టాక్ స్క్వేర్‌లో 1968లో పెట్టిన గాంధీ విగ్రహం, అక్కడి నుంచి ఇంకాస్త ఉత్తరానికి బ్రిటిష్ లైబ్రరీ. దాని ట్రెజర్స్ గ్యాలరీలో రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా ప్రతి ఉంది, ఇదీ ఉచితమే. కామ్డెన్ వైపు వెళ్తే ప్రింరోజ్ హిల్ మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. దగ్గర్లోనే 10, కింగ్ హెన్రీస్ రోడ్‌లో అంబేడ్కర్ 1921–22లో ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఎత్తు నుంచి చూడాలంటే షార్డ్ అనే ఆకాశహర్మ్యం ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు. 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో 35వ అంతస్తులో ఉన్న స్కై గార్డెన్ ఉచితం. రాబోయే వారాల టికెట్లు సోమవారాల్లో వదులుతారు, సూర్యాస్తమయం వేళలు ముందుగా అయిపోతాయి. 22 బిషప్స్‌గేట్‌లో 58వ అంతస్తులోని హొరైజన్ 22 ఇంకా ఎత్తు, దానికీ ముందే బుక్ చేసుకోవాలి. ఏదీ దొరకకపోతే ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లోనే గార్డెన్ ఎట్ 120 అనే డాబా తోట ఉంది, బుకింగ్ అక్కర్లేదు. మూడింట్లోనూ విమానాశ్రయంలోలాగే సామాను తనిఖీ ఉంటుంది, పెద్ద సంచులతో వెళ్ళకండి.

వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చికి టికెట్ 30 పౌండ్లు. సెయింట్ పాల్స్ చర్చికీ పాతిక దాటుతుంది. అయితే రెండింట్లోనూ సాయంత్రం ప్రార్థనకు ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోవచ్చు. మామూలు రోజుల్లో ఐదింటికి మొదలు, ఇరవై ముప్ఫై నిమిషాలు ముందు వెళ్ళి ద్వారం దగ్గర "ఈవెన్‌సాంగ్" అని చెబితే పంపిస్తారు. ఆబీలో బుధవారం గాయకబృందం ఉండదు, ఆ రోజు తప్పించండి. ఇది దర్శనం లాంటిదే తప్ప పర్యటన కాదు: ఫోటోలు తీయకూడదు, అటూ ఇటూ తిరగకూడదు, మధ్యలో లేచి రాకూడదు. సమాధులు, రాజుల విగ్రహాలు దగ్గరగా చూడాలంటే టికెట్ కొనాల్సిందే. గోపురం కింద కూర్చుని ఆ గానం వింటే చాలనుకునేవాళ్ళకు ఇంతకు మించింది లేదు.

బకింగ్‌హాం ప్యాలెస్ దగ్గర కాపలా మార్పు సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆది వారాల్లో 11 గంటలకు. ముందు గేటు దగ్గర చోటు దొరకాలంటే గంట ముందు నిలబడాలి, అదీ తలల మధ్య నుంచి చూడటమే. హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాల కాపలా మార్పు రోజూ 11కు, ఆదివారం 10కి ఉంటుంది. కంచె లేదు, గుర్రాలు దగ్గరగా కనిపిస్తాయి. మాకైతే ఇదే మేలనిపిస్తుంది. అక్కడి నుంచి సెయింట్ జేమ్స్ పార్క్‌లోకి వెళ్తే మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో పెలికాన్లకు చేపలు వేస్తారు. పార్కులో పరిచి ఉన్న మడత కుర్చీల్లో మాత్రం చూసుకుని కూర్చోండి, వాటికి అద్దె ఉంది. గడ్డి ఉచితం.

నడకకు ఒకటే దారి చెప్పమంటే వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటి, థేమ్స్ దక్షిణపు ఒడ్డున టేట్ మోడర్న్, గ్లోబ్ థియేటర్, బరో మార్కెట్ మీదుగా టవర్ బ్రిడ్జ్ దాకా. దాదాపు నాలుగు కిలోమీటర్లు. వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద గిన్నెల కింద బంతి ఎక్కడుందో చెప్పమనే ఆట ఆడిస్తుంటారు. గెలిచేవాళ్ళంతా వాళ్ళ మనుషులే. ఈ ఊళ్ళో ఇంకో బెడద, ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద వచ్చి చేతిలో ఫోను లాక్కుపోవడం. రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూడకండి, గోడ వైపు జరగండి. టికెట్లు, కార్డు అన్నీ ఫోన్లోనే ఉంటే అది పోయిన రోజున బడ్జెట్ కూడా దానితోపాటే పోతుంది, అందుకే అసలు కార్డు వేరే జేబులో ఉంచుకోవాలి.

డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే అనుకుంటే టవర్ ఆఫ్ లండన్ ఎంచుకోండి, ముప్ఫై అయిదు పౌండ్ల వరకూ అవుతుంది. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ అక్కడే, 1937లో చేసిన రాణి కిరీటంలో ఉంది. తెరిచిన వెంటనే నేరుగా జ్యువెల్ హౌస్‌కు నడవండి. కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడి చూడాలి. రద్దీ లేని పొద్దున మళ్ళీ వెనక్కి వెళ్ళి రెండోసారి ఎక్కవచ్చు, మధ్యాహ్నం ఆ వీలుండదు.

నాటకాలకు గ్లోబ్ థియేటర్‌లో వేసవి నెలల్లో నిలబడి చూసే టికెట్లు 5 పౌండ్ల నుంచి ఉంటాయి. పైకప్పు లేదు, గొడుగు తెరవనివ్వరు, నేల మీద కూర్చోనివ్వరు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు, మంచి బూట్లు తప్పనిసరి. నేషనల్ థియేటర్ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మరుసటి వారం నాటకాలకు కొన్ని టికెట్లు 10 పౌండ్లకు ఆన్‌లైన్లో వదులుతుంది.

తిండి

మధ్యాహ్నానికి సూపర్‌మార్కెట్ మీల్ డీల్ తిరుగులేనిది: ఒక శాండ్‌విచ్ లేదా పాస్తా, ఒక చిరుతిండి, ఒక డ్రింకు కలిపి నాలుగు పౌండ్లు, కాస్త అటూ ఇటూ. విడివిడిగా కొంటే రెట్టింపు దాకా పోతుంది. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ప్యాకెట్ మీద వెజిటేరియన్ అని ఉన్నా అందులో గుడ్డు ఉండొచ్చు, ఎగ్ మేయో శాండ్‌విచ్‌కూ అదే గుర్తు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టికలో అలర్జీ కలిగించేవాటిని చట్టప్రకారం విడిగా కనిపించేలా, మామూలుగా లావు అక్షరాల్లో వేస్తారు, గుడ్డు, పాలు వాటిలో ఉంటాయి. అక్కడ చూస్తే మూడు సెకన్లలో తేలిపోతుంది. వీగన్ అని ఉంటే అనుమానమే లేదు, కాకపోతే పెరుగు, చీజ్ కూడా వదులుకోవాలి.

కాఫీ షాపుల్లో ఒకే శాండ్‌విచ్‌కు రెండు ధరలుంటాయి. చల్లని ఆహారం కట్టించుకుని తీసుకెళ్తే చాలావాటికి వ్యాట్ (అమ్మకపు పన్ను) లేదు, లోపల కూర్చుని తింటే 20 శాతం. పార్కు బెంచీ ఎదురుగానే ఉంటుంది. సాయంత్రం సూపర్‌మార్కెట్లలో ఆ రోజుతో గడువు తీరే వాటికి పసుపు స్టిక్కర్ వేసి ధర తగ్గిస్తారు, గదిలో మైక్రోవేవ్ ఉన్నవాళ్ళకు రాత్రి భోజనం అక్కడే తేలుతుంది.

వేడి అన్నం, దోసె కావాలంటే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహార భారతీయ హోటళ్ళు పాతకాలం నుంచీ ఉన్నాయి. ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ వెంట దక్షిణాది హోటళ్ళ వరసే ఉంది. నడిబొడ్డులో ఇచ్చే డబ్బుకు అక్కడ ఇద్దరు తింటారు, కానీ అది 3వ జోన్. ఒక్క దోసె కోసమే వెళ్తే గిట్టదు, ఆ వైపు పని పెట్టుకుని వెళ్ళాలి. హోటల్ బిల్లులో 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ వేసి ఉంటే చాలాచోట్ల అది ఐచ్ఛికం, తీసేయమంటే తీసేస్తారు. దాని పైన మళ్ళీ టిప్పు పెట్టకండి. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న హోటళ్ళు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం, "ట్యాప్ వాటర్" అని అడగాలి. ఉత్తి వాటర్ అంటే సీసా తెస్తారు.

ఈ లెక్కన పొద్దున రెండు పౌండ్ల బ్రెడ్డూ పండూ, మధ్యాహ్నం నాలుగు, రాత్రి పన్నెండు, ప్రయాణం 5.25 నుంచి 8.90 మధ్య. గది కాకుండా రోజుకు మనిషికి 23 నుంచి 27 పౌండ్లు. దీనికి అయిదు పౌండ్లు కలిపి పక్కన పెట్టుకోండి, వాన కురిసి ఒక కాఫీ షాపులో గంట కూర్చోవాల్సిన రోజు తప్పక వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయిస్టర్ కార్డులో 10 పౌండ్లలోపు మిగిలితే ట్యూబ్ స్టేషన్‌లోని టికెట్ మిషన్ వద్దే వెనక్కి తీసుకోవచ్చు. కొన్న వస్తువుల మీద పన్ను విమానాశ్రయంలో తిరిగిస్తారన్న మాట మాత్రం పాతది. లండన్ షాపులకు ఆ పద్ధతి 2021 జనవరి నుంచి లేదు, దాన్ని లెక్కలో వేసుకుని బట్టలు, గడియారాలు కొనకండి.